ధారపుత్రి సాక్ష్యం

ఎమ్మిగనూరు,
18-6-1979

వదినకు కృష్ణవేణి నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ పాప జయశ్రీ బాగున్నారని తలుస్తాను. అన్నయ్య సంగతి నువ్వు రాస్తేనే నాకు తెలియాలి. ఆయన నాకు రాయడు కదా.

గది దొరికింది. రిటైరైన టీచరు తులసీబాయిగారి ఇంటి వెనక గది. ఆమె ఒక్కతే ఉంటుంది, చెవి కొంచెం మందం. నన్ను చూడగానే "నీకేం పనొచ్చు తల్లీ?" అని గట్టిగా అడిగింది. ముప్పై రెండేళ్లదాన్ని, అద్దె ఎంతని అడిగి మాట మార్చాను వదినా. ఎనిమిదేళ్లుగా నాకొచ్చిన పని ఒక్కటే. ఆదోని ఆశ్రమంలో నిర్మలధార సమాజం వేదిక మీద నిలబడి, గురువు దొడ్డప్పగారి తీర్థంతో నా క్షయ ఎలా నయమైందో చెప్పడం. ఎమ్మిగనూరులో ఆ పనికి గిరాకీ లేదు. వీధి చివర మగ్గాలవాళ్ల ఇంట్లో కండెలు చుట్టడానికి కుదిరాను. మొదటి వారం నా చేతిలో దారం తెగని పూట లేదు. ఆ ఇంటి ముసలాయన కోప్పడడు, "మళ్ల ముడేయి పాపా, దారమన్నాక తెగుతాది" అంటాడు.

మొన్న సంతలో అద్దం కొన్నాను. సమాజంలో అద్దం నిషిద్ధం కదా. నా ముఖం నేను సరిగ్గా చూసుకుని ఎనిమిదేళ్లయింది. ఎడమ కణత దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు. ఎవరో తెలిసిన పెద్దామె ఎదురైనట్టు పలకరింపుగా నవ్వాను.

ఎందుకు వచ్చేశానో నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు రాస్తాను. మాఘమాసం వెళ్లిన తర్వాత సమాజంవాళ్లు నన్ను సాక్ష్యం చెప్పడానికి కోసిగి పంపించారు. అక్కడ ఈరన్న, మాదమ్మ అని కూలికి పోయే మొగుడూ పెళ్లాలు. ఆరు నెలల బిడ్డకు వాంతులు, విరేచనాలు. నేను వెళ్లేసరికి మాదమ్మ బిడ్డను గుడ్డలో చుట్టుకుని బస్సు కోసం బయల్దేరుతోంది. నేను గడపకు అడ్డం నిలబడ్డాను. "నన్ను చూడు. నేను చావలేదు. మందు ముట్టకు, ఈ తీర్థం పొయ్యి" అన్నాను. ఆమె నన్ను చూసి, నమ్మి, బిడ్డను మళ్లీ చాప మీద పడుకోబెట్టింది. తెల్లారేసరికి బిడ్డ లేదు. మాదమ్మ నన్ను తిట్టలేదు. ఊరికే చూసింది. ఆ తర్వాత నాకు వేదిక ఎక్కడానికి కాళ్లు రాలేదు.

అయినా వదినా, ఒక మాట ఒప్పుకోవాలి. దొడ్డప్పగారు నాకు ఊపిరి పోశాడు. రక్తం కక్కుకుంటున్న పిల్లను బతికించాడు. అది అబద్ధం కాదు కదా. ఆ రుణం మెడలో వేసుకునే బయటికి వచ్చాను.

కృష్ణవేణి


ఆదోని,
2-7-1979

చి. కృష్ణవేణికి వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం జయశ్రీ చదివి వినిపిస్తానంది. ఇవ్వలేదు. ఐదో తరగతి చదువైనా నా ఉత్తరం నేనే చదువుకుంటానన్నాను. కోసిగి సంగతి వచ్చాక మాత్రం జయశ్రీని బయటికి పంపేసి చదివాను.

రెండేళ్ల కిందట నేను సమాజం మానుకున్నప్పుడు వీధి ఆడవాళ్లంతా నన్ను "ఎండుకొమ్మ" అన్నారు. విడిచిపోయినవాళ్లకు వాళ్లు పెట్టే పేరు అదే కదా. ఇప్పుడు నిన్నూ అంటున్నారు. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఆలోచిస్తే, ఎండుకొమ్మ పొయ్యిలోకైనా పనికొస్తుంది, అన్నం ఉడికిస్తుంది. పచ్చికొమ్మతో ఒట్టి పొగే. నువ్వూ అలాగే అనుకో.

ఒక్కటి మాత్రం దిగులు. గురువారం పాటలు. నలభై మంది ఆడవాళ్లం ఒక్క గొంతుతో పాడుతుంటే ఒళ్లు తేలిపోయేది. ఇప్పుడు నేను ఒక్కదాన్నే రుబ్బురోలు ముందు పాడుకుంటే జయశ్రీ చెవులు మూసుకుంటుంది.

మీ అన్న పొద్దున పత్తి మండీ, మధ్యాహ్నం నుంచి ఆశ్రమం. ఉత్సవాల పెత్తనమంతా ఆయనదే. ఇంటికొస్తాడు, అన్నం తింటాడు. "ఉప్పు" అంటాడు. రెండేళ్లలో నాతో ఎక్కువసార్లు అన్నమాట అదే.

ఊపిరి సంగతి రాశావు. దాని గురించి నేను కాగితం మీద రాయలేను. ఎదురుగా కూర్చున్న రోజు మాట్లాడుకుందాం. పూటకింత పాలు తాగు. ఆకలి చంపుకోవద్దు.

నీ వదిన
రాజేశ్వరమ్మ


ఎమ్మిగనూరు,
9-9-1979

వదినా,

దగ్గు మళ్లీ వచ్చింది.

పది రోజులైంది. వాన నీళ్లలో తడిసి వచ్చాను, జలుబనుకున్నాను. పోలేదు. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోంది. తులసీబాయిగారు మిరియాల పాలిచ్చింది, ఆసుపత్రికి పొమ్మంది. నాకు తెలుసు, ఇది ఆసుపత్రితో పోయేది కాదు.

ఆశ్రమం నుంచి తిమ్మన్న నూలు కొనే పని మీద ఇక్కడికి వచ్చాడు. మగ్గాల ఇంట్లో నా దగ్గు విన్నాడు. అందరి ముందూ అన్నాడు: "దొడ్డప్పగారు అప్పుడే సెప్పినారమ్మా. ఇచ్చినాయన ఎనక్కి తీసుకుంటాడు. ఎండిన కొమ్మకు పురుగు పడక యాడికి పోతాది?" నా చేతిలో కండె కింద పడిపోయింది.

నేను ధైర్యస్థురాలిననుకున్నావేమో. కాదు. చావంటే నాకు భయం. ఒకసారి దగ్గరగా చూసినదాన్ని. గుడ్డలు మూట కట్టాను. శుక్రవారం బస్సుకు వచ్చి నేరుగా ఆశ్రమానికి పోతాను. కాళ్ల మీద పడితే దొడ్డప్పగారు కాదనడు. వేదిక ఎక్కమంటే ఎక్కుతాను. కోసిగిని ఎలాగో మరిచిపోతాను.

నన్ను తిట్టుకోవద్దు.

కృష్ణవేణి


ఆదోని,
12-9-1979

కృష్ణవేణీ,

ఈ ఉత్తరం కండక్టరు మద్దయ్య చేతికిచ్చి పంపుతున్నాను. నీ చేతిలోనే పెట్టమన్నాను. చదివేదాకా మూట ముట్టుకోకు.

నిన్ను బతికించింది దొడ్డప్ప కాదు. తీర్థం కాదు. తెల్ల మాత్రలు.

అరవై తొమ్మిదిలో నీకు రక్తం పడినప్పుడు మీ అన్న నిన్ను ఆసుపత్రికి తీసుకుపోనన్నాడు. మందు ముట్టనని అప్పటికే ప్రమాణం చేసి ఉన్నాడు. నేను ఒకనాటి పొద్దున నువ్వు ఉమ్మిన గిన్నె కొంగు కింద పెట్టుకుని పెద్దాసుపత్రికి పోయాను. పరీక్ష చేసి క్షయే అన్నారు. "మనిషిని తీసుకురామ్మా" అన్నాడు డాక్టరు. గడప దాటనివ్వరని చెప్పాను. ఆయన కోప్పడ్డాడు. నర్సమ్మ ఒకామె నా మొహం చూసి, ఆయనకు ఏదో చెప్పి ఒప్పించింది. దినానికొక మాత్ర, ఏడాదిన్నర, ఒక్కరోజు తప్పినా లాభం లేదన్నారు.

చెప్పి ఇస్తే నువ్వు తినవు. నీకు ఇరవై రెండేళ్లు, నీకూ దొడ్డప్ప దేవుడే. అందుకని మాత్ర నూరి, శొంఠి, బెల్లం, నెయ్యి వేసి ముద్ద చేశాను. శొంఠి వంటింటి సరుకే కదా, మందు కాదు కదా అని మీ అన్న ఊరుకున్నాడు. చేదుగా ఉందని నువ్వు అన్నావు. శొంఠి ఘాటన్నాను. ప్రతి నెలా మాత్రలు తెచ్చుకున్నాను. ఆ కార్డు దీంతో పంపుతున్నాను. నీ పేరు ఉంది, తేదీలన్నీ ఉన్నాయి చూసుకో.

నువ్వు కోలుకున్నావు. డెబ్బై ఒకటి ధారోత్సవంలో దొడ్డప్ప నిన్ను వేదిక మీదికి పిలిచి "ధారపుత్రి" అని పేరు పెట్టాడు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. అప్పుడు లేచి చెప్పాల్సింది. చెబితే మీ అన్న నన్ను గెంటేస్తాడని భయపడ్డాను. కడుపున పుట్టిన జయశ్రీకి అప్పటికి ఏడాది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే వరసలో కూర్చున్నాను. వింటూ కూర్చున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచడం నావల్ల కాదు. రెండేళ్ల కిందట ఆసుపత్రిలో ఆ నర్సమ్మే కనిపించింది. ఆలూరు దారిలో ఒకామె నీ సాక్ష్యం విని మాత్రలు మానేసి చచ్చిపోయిందని చెప్పింది. ఆ రోజే నేను సమాజం మానేశాను. మానేసినా, నీకు మాత్రం నోరు విప్పలేదు.

నువ్వు నన్నేమన్నా అను. శుక్రవారం మాత్రం ఆశ్రమానికి పోవద్దు. పెద్దాసుపత్రికి పో. కార్డు చూపించు. రొమ్ము ఫోటో తియ్యమను.

రాజేశ్వరమ్మ


ఎమ్మిగనూరు,
20-9-1979

రాజేశ్వరమ్మగారికి,

శుక్రవారం ఆదోని వచ్చాను. ఆశ్రమానికి పోలేదు. పెద్దాసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీశారు. పైన ఒక పాత మచ్చ ఉందట, పూర్తిగా మానిపోయిన మచ్చ. ఇప్పటిది ఉత్త జలుబు దగ్గు. మందు సీసా ఇచ్చారు. నాలుగు రోజుల్లో పోయింది.

మీ వీధి మీదుగానే బస్టాండుకు నడిచాను. మీ తలుపు తెరిచే ఉంది. ఆగలేదు.

మీరు నా ప్రాణం కాపాడారు. అది కాదనను. కానీ ఎనిమిదేళ్లు నా చేత అబద్ధం చెప్పించారు. పెళ్లి వద్దన్నాను, ఇల్లు వద్దన్నాను, నాకు ఊపిరిచ్చినవాడికే నా ఊపిరి అనుకున్నాను. మీరు మూడో వరసలో కూర్చుని చూశారు. మీరు ఒక్క మాట చెప్పి ఉంటే నేను కోసిగిలో ఆ గడపకు అడ్డం నిలబడేదాన్ని కాదు. ఆ బిడ్డ ఇప్పుడు నడుస్తూ ఉండేది.

నాకు ఉత్తరాలు రాయవద్దు.

ఎం. కృష్ణవేణి


ఆదోని,
4-11-1979

కృష్ణవేణికి,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను.

నువ్వు అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నోరు మూసుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేదు, నువ్వు క్షమించాలని అడగను. కానీ ఆ ముద్ద పెట్టినందుకు మాత్రం నాకు సిగ్గు లేదు. రేపు మళ్లీ పెట్టాల్సి వచ్చినా పెడతాను. నువ్వు బతికి ఉండి నన్ను తిట్టడం, నువ్వు లేకపోవడం కంటే వెయ్యి రెట్లు మేలు.

మచ్చ మానిందన్నావు. ఆ మాట జయశ్రీతో మూడుసార్లు చదివించుకున్నాను.

రాజేశ్వరమ్మ


ఎమ్మిగనూరు,
10-1-1980

వదినకు,

చాలా రోజులు నీ మీద కోపంతోనే లేచి, కోపంతోనే పడుకున్నాను. మగ్గం ముసలాయన నా చేతి వేగం చూసి, "ఎవరి మీద చుడ్తాండావు పాపా ఇంత గట్టిగా?" అన్నాడు. ఒకరోజు నాకే అలసట వచ్చింది. అప్పుడు ఒక సంగతి తట్టింది. నా కోసం దినం తప్పకుండా ఏడాదిన్నర పాటు మాత్ర నూరిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆమెతో మాట్లాడకపోతే ఇంకెవరితో మాట్లాడతాను?

పోయిన వారం కోసిగి వెళ్లాను. మంత్రాలయం పోయే భక్తులతో బస్సు కిటకిటలాడుతోంది, అంతసేపూ నిలబడే ఉన్నాను. మాదమ్మ ఇంటి ముందు శనక్కాయలు ఒలుస్తోంది. ఈరన్న కూలికి బళ్లారి వైపు పోయాడట. నన్ను చూసి లేవలేదు. కూర్చోమనలేదు. నేనే నేల మీద కూర్చున్నాను. అంతా చెప్పాను. మాత్రల సంగతి, నాకు తెలియకపోవడం, కార్డు. క్షమించమని చేతులు పట్టుకోబోయాను. చేతులు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకు సెప్తాండావక్కా ఇదంతా?" అంది. "నా బిడ్డ వస్తాదా? నువ్వు ఆ మాట వేలమందిలో సెప్పినావు. ఈ మాట మాత్రం నా ఒక్కదాని సెవిలో సెప్తావా? పో. యాడ సెప్పినావో ఆడనే పోయి సెప్పు."

తిరుగు ప్రయాణంలో ఆ మాటే. యాడ సెప్పినావో ఆడనే.

మాఘ పౌర్ణమికి ధారోత్సవం. నేను వెళ్తాను వదినా. తిరిగివచ్చిన ధారపుత్రిని వాళ్లే చెయ్యిపట్టి వేదిక ఎక్కిస్తారు. అబద్ధం ఆడను. "సాక్ష్యం చెప్పడానికి వచ్చాను" అంటాను, అంతే. నువ్వు మాత్రం రాకూడదు. గేటు దగ్గర నిన్ను చూశారంటే నన్నూ అనుమానిస్తారు. ఇంట్లోనే ఉండు. నా కోసం ఏదైనా పాట పాడుకో.

నీ కృష్ణవేణి


ఆదోని,
17-1-1980

చి. కృష్ణవేణికి,

"వదినకు" అన్న మాట చూసి వీధి తలుపు దగ్గరే నిలబడి చదివాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. పోనీలే.

భయంగా ఉంది. అక్కడ వాలంటీర్లు కర్రలు పట్టుకుని తిరుగుతారు. వేదిక కిందే మీ అన్న ఉంటాడు, మైకు, లైట్లు అన్నీ ఆయన చేతిలోనే. అన్న ఉన్నాడు కదా అని నమ్మి పోవద్దు. చెప్పాల్సింది ముందుగా చెప్పేయి, కథ పొడిగించకు. నా పేరు చెప్పు. వదిన మాత్రలు పెట్టిందని గట్టిగా చెప్పు. నేను దాక్కున్నది చాలు. తర్వాత నా కాపురం ఏమైతే అదవుతుంది, నేను చూసుకుంటాను.

రావద్దన్నావు కాబట్టి రాను. ఇంట్లో కూర్చోవడమే నాకు కష్టం.

రాజేశ్వరమ్మ


ఎమ్మిగనూరు,
3-2-1980

వదినా,

చెప్పాను.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

గేటులో మొదట తిమ్మన్నే చూశాడు. "ధారపుత్రి వచ్చినాది!" అని అరుచుకుంటూ లోపలికి పరుగెత్తాడు. అన్నయ్య వచ్చాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "వచ్చినావా తల్లీ" అన్నాడు. "సాక్ష్యం సెప్పేకొచ్చినానన్నా" అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఒక్క క్షణం వెనక్కి తిరిగి పోదామనిపించింది వదినా. ఆ చెయ్యి అంత బరువుగా ఉంది.

పందిరి నిండా జనం. మూడువేలకు తక్కువ ఉండరు. ఆలూరు, కోసిగి, సరిహద్దు అవతలి పల్లెలవాళ్లు కూడా. ముందు వరసల్లో జబ్బు మనుషులను కూర్చోబెట్టారు. దగ్గులు వినిపిస్తూనే ఉన్నాయి. దొడ్డప్పగారు నవ్వుతూ నాకు చోటిచ్చాడు. మైకు పట్టుకున్నాను.

"నా పేరు కృష్ణవేణి. ఎనిమిదేండ్లు ఈడ నిలబడి మీకొక మాట సెప్పినా. నిజమనుకొనే సెప్పినా. అది నిజం గాదు. నాకు క్షయ వచ్చినాది నిజం. తీర్థంతో పోయినాదనేది అబద్ధం. మా వదిన రాజేశ్వరమ్మ పెద్దాసుపత్రి మాత్రలు తెచ్చి, నాకు తెలీకుండా శొంఠి ముద్దలో కలిపి, దినం తప్పకుండా ఏడాదిన్నర..."

మైకు ఆగిపోయింది. తీగ ఎవరు పీకారో నేను చూడలేదు.

ఎనిమిదేళ్లుగా మైకులోనే మాట్లాడినదాన్ని. అది లేకుండా నా గొంతు ఎంతదూరం పోతుందో నాకే తెలియదు. పొట్ట నిండా గాలి పీల్చాను. అరిచాను. వెనక వంటపందిరి దాకా వినబడిందట, గరిటెలు ఆగిపోయాయని తర్వాత చెప్పారు. మాత్రలు, కార్డు, ఎక్స్‌రే, మానిపోయిన మచ్చ, అంతా చెప్పాను. కోసిగి బిడ్డ సంగతి కూడా దాచలేదు. "ఆ బిడ్డను ఆసుపత్రికి పోనీకుండా ఆపింది నేనే" అన్నాను.

దొడ్డప్పగారు లేచాడు. "పాపం, అమ్మాయికి మతి ఎండినాది. దింపండి" అన్నాడు. ఇద్దరు వాలంటీర్లు నా భుజాలు పట్టుకున్నారు. జనంలో గోల. కొందరు నన్ను తిట్టారు. చెప్పు ఒకటి వచ్చి కాలికి తగిలింది.

అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ లేచింది. పక్కన ముడుచుకుని కూర్చున్న కొడుకు, పాతికేళ్లుంటాయి, చేతిలో గుడ్డ. ఆ గుడ్డ మీద నెత్తురు నాకు కనబడుతూనే ఉంది. ఆమె నన్ను తిట్టలేదు, దొడ్డప్పనూ తిట్టలేదు. చెయ్యి ఎత్తి అడిగింది:

"యాడిస్తారమ్మా ఆ మాత్రలు?"

"పెద్దాసుపత్రిలో అవ్వా. ఊరికే ఇస్తారు."

"మాకు గూడా ఇస్తారా?"

"అందరికీ ఇస్తారు. నేను తోడొస్తా."

ఆమె కొడుకు రెక్క పట్టుకుని లేపింది. "పారా దేవేంద్రప్పా" అంది. ఇద్దరూ ముందు వరస నుంచి అందరినీ తొక్కుకుంటూ బయటికి నడిచారు. నన్ను పట్టుకున్న వాలంటీరు చేతులు వదులయ్యాయి. నేను దిగాను. గేటు దాటేసరికి నా వెనక పదకొండు మంది ఉన్నారు. పదకొండు మంది, వదినా!

రోడ్డు మీద చింతచెట్టు కింద మాదమ్మ నిలబడి ఉంది. కోసిగి నుంచి వచ్చిందని నాకు తెలియదు. తన చెంబు నా చేతికిచ్చింది. నీళ్లు తాగాను. చెంబు తీసుకుని వెళ్లిపోయింది.

నీ ఇంటికి రావాలని ప్రాణం కొట్టుకుంది. అన్నయ్య ఇంటికి వచ్చేటప్పుడు నేను అక్కడ ఉండకూడదనిపించింది. మీ ఇద్దరి మధ్య మాట మీదే. పొద్దున దాకా వీళ్లతోనే ఆసుపత్రి వరండాలో ఉండి, అందరికీ చీట్లు రాయించి బస్సెక్కాను. నీకేం జరిగిందో వెంటనే రాయి.

నీ
కృష్ణవేణి


ఆదోని,
6-2-1980

నా తల్లి కృష్ణవేణికి,

నీ ఉత్తరం రాకముందే నాకు సగం తెలుసు. వీధిలో ఒకడు సైకిలు దిగి మరీ చెప్పిపోయాడు. మిగతా సగం నీకు తెలియదు, విను.

ఆరోజు మధ్యాహ్నం మీ అన్న వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చున్నాడు. నేను గడప దగ్గర నిలబడ్డాను. ఏమైనా కానీ అనుకున్నాను. "రాజీ" అన్నాడు. రెండున్నరేళ్ల తర్వాత నా పేరు.

"ఆ పిల్ల సెప్పింది నిజమేనా?"

"నిజమే."

"శొంఠి ముద్దలోనేనా?"

"అవును."

నేల చూస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు ఉన్నాడు. "జయశ్రీ పుట్టేముందు కానుపుకు నువ్వు గుంతకల్లు పోయినావు గదా. అప్పుడు డబ్బీ నిండా ముద్దలు చేసి నా చేతికిచ్చి, దినానికొకటి మీరే పెట్టండి, మరవొద్దండి అని సెప్పి పోయినావు."

"అవును."

"నలభై దినాలు నేనే పెట్టినా రాజీ."

"మీరే పెట్టినారు. ఒక్కరోజు గూడా మరవలేదు."

రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. "మందు ముట్టనని ప్రమాణం చేసినోణ్ణి. ఈ చేతుల్తోనే..." అన్నాడు. ఇక తిడతాడు, లేస్తాడు అనుకున్నాను. నవ్వాడు. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన ఏడవడం చూడలేదు. "అయితే నా చెల్లెల్ని నేను గూడా బతికించినానా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు. "బతికించినారు" అన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను.

మైకు తీగ పీకింది ఆయనే. దొడ్డప్ప సైగ చేశాడట. "తీగ నా చేతిలోకొచ్చినాది. దాని గొంతు మాత్రం ఆగలేదు. అంత గొంతు మా అమ్మకుండేది" అన్నాడు. మర్నాడే ఆశ్రమం తాళాలు తీసుకుపోయి దొడ్డప్ప ముందు పెట్టి వచ్చాడు. దొడ్డప్ప ఏమన్నాడంటే చెప్పడు. దారిలో జనం "ఎండుకొమ్మ" అని అరిచారట. ఇంటికొచ్చి "ముగ్గురమైనాం" అన్నాడు.

నేను ఆరోజు పొద్దున్నుంచి గురువారం పాటలన్నీ వరసగా పాడాను. అవి దొడ్డప్పవా ఏమిటి? పాటలు మనవే.

నీ వదిన
రాజేశ్వరమ్మ


ఆదోని,
29-8-1981

చి. కృష్ణవేణికి వదిన ఆశీస్సులు.

నీకు ఆసుపత్రివాళ్లు మాత్రల గురించి చెబుతూ ఊళ్లు తిరిగే పని ఖాయం చేశారన్న ఉత్తరం అందింది. "ఏం పనొచ్చు" అన్న తులసీబాయిగారికి గట్టిగా, చెవిలో చెప్పావా లేదా?

ఇక్కడి సంగతి. ఈసారి ధారోత్సవానికి జనం పల్చగా ఉన్నారట. కొత్త ధారపుత్రి కోసం వెతికారట, దొరకలేదు. మీ అన్న మంగళవారాలు మండీ మానుకుని ఆసుపత్రి లైను దగ్గర నిలబడుతున్నాడు. మాత్రలు తినడానికి మొండికేసేవాళ్లతో గంటలకొద్దీ వాదిస్తాడు. మొదట్లో వాళ్లను కసిరేవాడు. నేను చెప్పాక మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాడు.

నువ్వు ఆరోజు తోడు తీసుకుపోయిన పదకొండు మందిలో ఇద్దరు పోయారని నీకు తెలుసు. మిగతావాళ్లు నిలిచారు. వాళ్లలో దేవేంద్రప్పకు మొన్నటితో ఏడాదిన్నర నిండింది. ఉమ్మి మూడుసార్లు పరీక్ష చేసి, ఏమీ లేదు పో అన్నారు.

ఇవాళ పొద్దున అతను మన మండీకి వచ్చాడు, వెనక వాళ్లమ్మ. నేను మీ అన్నకు సద్ది ఇవ్వడానికి పోయి అక్కడే ఉన్నాను. జబ్బు పడకముందు అతను హమాలీ అట. మళ్లీ పని ఇమ్మన్నాడు. మీ అన్న "చీట్లు రాయి, కాటా దగ్గర కూర్చో. బరువులొద్దు" అన్నాడు.

"బరువెత్తకుంటే హమాలీ యాడయితానన్నా?" అన్నాడు దేవేంద్రప్ప. అడ్డం పోయేలోపల వంగి, పత్తి బోరా ఒకటి వీపు మీదికి లాక్కున్నాడు. నిండు బస్తా. వాళ్లమ్మ "దించురా, ఓరి దించురా నా కొడకా!" అని వెంట పరుగెత్తింది. అతను వినలేదు. కాటా దగ్గర నుంచి లారీ దాకా, మండీ ఆ కొస నుంచి ఈ కొసకు, ఎక్కడా ఆగకుండా నడిచి, లారీ మీదికి విసిరేశాడు.

బేరాలు ఆగాయి. కాటా మనిషి తూకం రాళ్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అందరం ఒకదాని కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాం. దగ్గు వస్తుందేమోనని.

అతను నడుం మీద చేతులు పెట్టుకుని గాలి పీల్చాడు. వదిలాడు. మళ్లీ పీల్చాడు. రాలేదు కృష్ణవేణీ! ఒక్క దగ్గు రాలేదు. ముసలమ్మ నడిమండీలో కూర్చుని రెండు చేతులతో నేల కొడుతూ నవ్వింది. హమాలీలు ఈలలేశారు.

మీ అన్న నా వైపు తిరిగి "ఇప్పుడే రాయి దానికి. ఇంటికి పోయేదాకా ఆగొద్దు" అన్నాడు. అందుకే చిట్టా పుస్తకంలో కాగితం చించి, పత్తి బస్తా మీద పెట్టుకుని రాస్తున్నాను. దేవేంద్రప్ప రెండో బోరా ఎత్తుతున్నాడు.

రాజేశ్వరమ్మ